చూద్దాం అనే ఊరు

కిందటి వారం పిచ్చుకని కళ్లద్దాల కొట్టు మెట్ల మీద వదిలేసి వచ్చాం. చంకలో ప్రూఫు కాగితాల కట్ట, మొహం కందగడ్డ. అక్కడిదాకా ఎందుకొచ్చిందో మరిచిపోయినవాళ్లకూ, పత్రిక ఈ వారమే చేతికందినవాళ్లకూ నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

పిచ్చుక అసలు పేరు పిచ్చుక కాదు. చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా మాట్లాడేదని వాళ్లన్నయ్య పెట్టిన పేరు అది, ముప్పై దాటినా వదల్లేదు. యంత్రాల వెంట వచ్చే చిన్న పుస్తకాలు రాయడం ఆమె ఉద్యోగం. బట్టలుతికే యంత్రమో, నీళ్లు కాచే యంత్రమో కొన్నవాళ్లు పెట్టె విప్పగానే అవతల పారేస్తారే, ఆ పుస్తకాలు. ఎన్ని రాసినా వాటిమీద ఆమె పేరు ఎక్కడా పడదు. అన్నయ్యది కళ్లద్దాల కొట్టు. ఆ కొట్టు వెనకగదిలో ఆయన ఏళ్ల తరబడి వారానికోసారి ఒక ఆట నడుపుతున్నాడు. పెళ్లాం పిల్లలున్న పెద్దమనుషులు బల్ల చుట్టూ చేరి, ఒకడు నేను దొంగనంటాడు, ఒకావిడ నేను మంత్రగత్తెనంటుంది. లేని లోకాన్ని అన్నయ్య ఉన్నట్టు చెబుతాడు. అందులో తాము ఏం చేస్తారో వాళ్లు చెబుతారు. అయిందా, బెడిసికొట్టిందా అనేది పాచికలు తేలుస్తాయి. ఆ లోకం పేరు ఏడుగడపల సీమ.

ఆ సీమలోని ఊళ్లూ దారులూ రాజులూ రాక్షసులూ అన్నీ చేర్చి ఒక పుస్తకం వేస్తే, ఎవరి బల్ల దగ్గర వాళ్లు ఆ లోకంలోనే ఆడుకుంటారని ఒక ప్రచురణకర్తకు తోచింది. రాసే పని పిచ్చుక నెత్తిన పడింది. నెత్తిన పడిందనడం అన్యాయం, ఎగిరి గంతేసి ఒప్పుకుంది. మూడేళ్లు రాసింది. రాజధాని పేరేమిటన్నయ్యా అని అడిగితే, చూద్దాం అన్నాడు. పెద్ద నది ఎక్కడ పుట్టింది? చూద్దాం. చూపు వ్యాపారం చేసేవాడు చూద్దాం అనక ఏమంటాడని మొదట్లో నవ్వుకుంది. రానురాను నవ్వు పోయింది. జవాబు రాని ప్రతిచోటా, తర్వాత నింపుకుందామని ఆ మాటనే రాసి పెట్టుకుంటూ పోయింది. ఆ తర్వాత అన్నది రాకుండానే గడువు వచ్చి కూర్చుంది.

పేజీలు పేర్చే పెద్దాయన్ని అందరూ కామాగారంటారు. ఆయన ఒకసారి ఆమె వాక్యం ఒకటి దిద్దితే, ఇకమీదట ఒక్క అక్షరం మారినా ఊరుకోనని ఫోనులో కసిరింది మన పిచ్చుకే. ఆయన మాట మీద నిలబడే మనిషి. ఒక్క అక్షరం మార్చలేదు. బొమ్మలు వేసే కుర్రాయన పటం మీద బురుజులతో సహా కోట గీసి, దాని కింద వంపులు తిరిగిన అక్షరాలతో 'చూద్దాం' అని రాశాడు. ఇప్పుడు ఏడుగడపల సీమను చూద్దాం అనే రాజు, చూద్దాం అనే రాజధాని నుంచి, చూద్దాం అనే నది ఒడ్డున కూర్చుని పాలిస్తున్నాడు.

సాయంత్రం కొట్టు కట్టేసేలోపు ప్రూఫులు సరిచేసి పంపకపోతే ప్రెస్సులో ఆ వంతు బడిపుస్తకాలకు పోతుంది. బడిపుస్తకాలు మొదలైతే ఎప్పటికి తెములుతాయో ప్రెస్సువాళ్లకే తెలియదు. ప్రచురణకర్త అంతకాలం ఆగనని మొహమ్మీదే చెప్పేశాడు. జన్మలో మొదటిసారి అట్టమీద పడబోయే ఆమె పేరు ఆ సాయంత్రం మీద ఆధారపడి ఉంది. ఇదీ సంగతి. ఇక మెట్లెక్కిద్దాం.

*

కొట్టులో ఒక పెద్దావిడ ఎత్తు కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసుకుని, గోడమీది అక్షరాల పటం చదువుతోంది. చదువుతోందనడం కంటే అప్పజెబుతోందనాలి. వంతు కోసం కూర్చున్నంతసేపూ పటాన్ని బట్టీ పట్టినట్టుంది, అన్నయ్య వేలు ఇంకా పైవరసలో ఉండగానే ఆవిడ కిందివరస చెప్పేస్తోంది. అన్నయ్య ఓపిగ్గా అద్దం మార్చాడు. ఆవిడ మళ్లీ అదే పాట పాడింది.

"ఈ కన్ను బావుందమ్మా. ఇప్పుడు ఆ కన్ను," అన్నాడు.

అన్నయ్య ఎప్పుడూ కుడి కన్ను, ఎడమ కన్ను అనడు. ఈ కన్ను, ఆ కన్ను అంటాడు. ఆయనకి కుడి ఎడమలు తెలియవు. కొట్టు నుంచి నాలుగు వీధులవతల ఉన్న బ్యాంకుకు వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు దారి తప్పి రిక్షా ఎక్కి వచ్చిన ఘనుడు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, చెప్పుకుని నవ్వుకోవడం కూడా ఎప్పుడో మానేశారు.

పిచ్చుక గల్లాపెట్టె పక్కన నిలబడింది. చుట్టూ గోడలనిండా అద్దాలు. ఏ అద్దంలో చూసినా తన మొహమే కనిపిస్తోంది, ఏ మొహమూ చూడబుద్ధి కాలేదు. పెద్దావిడ, ఆపరేషను అవసరమవుతుందా నాయనా అని అడిగింది. అన్నయ్య అద్దం తుడుస్తూ, చూద్దాం లెండి అన్నాడు. పిచ్చుకకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ వెళ్లేదాకా ఆగాలని అనుకుంది గానీ ఆవిడ ఫ్రేములు ఎంచుకోవడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు చీరలు ఎంచుకునేటప్పుడే నయం, అక్కడ కూర్చోవడానికి పరుపులైనా ఉంటాయి.

చివరికి ఆవిడకి నచ్చిన ఫ్రేమూ, ఆవిడ పాత ఫ్రేమూ ఒకటేనని తేలాక, అన్నయ్య తీరిగ్గా చెల్లెలి వైపు తిరిగాడు. టీ తాగావా అని అడిగాడు. పిచ్చుక నేరుగా వెనకగదిలోకి నడిచింది. ఆయన ఆవిడకి రశీదు రాసిచ్చి, తెర తొలగించుకుని వెంట వచ్చాడు.

వెనకగది అంటే పెద్ద రాజసభ ఏమీ కాదు. అద్దాలు అరగదీసే చిన్న యంత్రం ఒక మూల, విరిగిపోయిన ఫ్రేముల డబ్బా ఒక మూల. మధ్యలో గుండ్రటి బల్ల, దాని అంచులనిండా టీ గ్లాసుల మరకలు. పాచికలు అద్దాల డబ్బాలో ఉంటాయి. ఈ బల్ల మీదే రాజ్యాలు లేచాయి, కూలాయి. పిచ్చుక ఆ మరకల మీద ప్రూఫుల కట్ట దభీమని పడేసి, చివరి పేజీల్లోని అకారాది పట్టిక తీసి, చ అక్షరం దగ్గర వేలు పెట్టి, వార్తలు చదివే గొంతుతో చదవడం మొదలుపెట్టింది.

"చూద్దాం, రాజధాని. చూద్దాం, నది. చూద్దాం, మహారాజు. చూద్దాం, మహారాజుని చంపినవాడు. చూద్దాం, మంచుకొండ మీది రాక్షసుడి బలహీనత. ఇంకా చదవనా?"

అన్నయ్య పెదవులు బిగబట్టాడు. బిగబట్టినకొద్దీ భుజాలు కదిలాయి. మహారాజుని చంపినవాడి దగ్గరికి వచ్చేసరికి ఇక ఆగలేక, కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. నవ్వి, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, ఇలాగే ఉంచేస్తే ఎలా ఉంటుందే అన్నాడు. రాజూ వాడే, రాజుని చంపినవాడూ వాడే, ఊరూ వాడే, నదీ వాడే. ఆడేవాళ్లు బుర్ర బద్దలు కొట్టుకుంటారు, భలే రహస్యం అవుతుంది అన్నాడు.

పిచ్చుకకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపాన్నే ముందు పంపింది. తను రాసే పుస్తకాలు చదివి జనం యంత్రాలు నడుపుకుంటారనీ, మీట నొక్కితే ఏమవుతుందో చూద్దాం అని రాస్తే కరెంటు కొట్టి చస్తారనీ చెప్పింది. మూడేళ్లుగా తను సెలవురోజంటే ఏమిటో ఎరగదనీ, ఆఫీసులో అందరికీ పుస్తకం వస్తోందని చెప్పుకుని తిరిగిందనీ, ఇవాళ ఇది పోతే రేపు వాళ్ల మొహాలు ఎలా చూడాలనీ అడిగింది. అన్నయ్యకి నవ్వు ఆగింది. మంచివాడే, చెల్లెలు బాధపడితే ఓర్వలేడు. కానీ మంచితనానికీ జవాబుకీ చుట్టరికం లేదు కదా.

"సరే, అడుగు. ఇవాళ అన్నీ చెప్పేస్తాను," అన్నాడు.

"రాజధాని పేరు?"

ఆయన పైకప్పు వైపు చూశాడు. చెవి వెనక గోక్కున్నాడు. పాచిక ఒకటి తీసి అటూ ఇటూ దొర్లించాడు.

"అది... రేపు పొద్దున చెప్పనా?"

నది పుట్టిన చోటు కూడా రేపు పొద్దునే. రాజుని చంపినవాడు కూడా రేపు పొద్దునే. పిచ్చుక గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది. మూడేళ్లుగా ఇదే వరస. ఏదడిగినా అప్పటికప్పుడు చెప్పడు. ఎప్పుడో నూటికొకసారి జవాబు చెబితే, అది మర్నాడు పొద్దున, పళ్లు తోముకుంటూ ఫోను చేసి చెబుతాడు. అలా చెప్పినప్పుడు మాత్రం తడుముకోడు. ఊళ్లూ దారులూ మజిలీలూ, ఎక్కడ ఏ పడవ మారాలో, వానాకాలంలో ఏ కనుమ మూసేస్తారో గడగడా చెప్పేస్తాడు. రాజుల పేర్లు నాలుగుసార్లు మారాయి గానీ, మూడేళ్లలో దారుల్లో ఒక్క తప్పు దొర్లలేదు. ఆడేవాళ్లలో ఒక లెక్కల మాస్టారున్నాడు, ప్రయాణాలన్నీ కూడి తీసి చూసి, సీమలో ఎంత తిరిగినా దూరాలు సరిపోతున్నాయని ఆశ్చర్యపోయాడు.

ఆ మాట గుర్తు రాగానే పిచ్చుక కళ్లు తెరిచింది.

"అన్నయ్యా, ఉప్పురేవు నుంచి మూగకొండకి ఎలా వెళ్లాలి?"

అది పుస్తకంలో ఉన్నదే. ఆయన నోటితో చెప్పినదే, ఆమె చేత్తో రాసినదే. ఆట మొదలయ్యేదే ఉప్పురేవులో, సీమలో అడుగు పెట్టినవాళ్లంతా ఎప్పుడో ఒకసారి నడిచిన దారి. అన్నయ్య బల్ల మీద వేలితో ఒక గీత గీశాడు. ఆగాడు. దాన్ని చెరిపేసినట్టు అరచేత్తో తుడిచాడు.

"ఇటు తిరిగి... కాదు, అటు. పుస్తకంలో ఉంటుందిగా, చూసుకోవే," అని విసుక్కున్నాడు.

బ్యాంకుకు వెళ్లి దారి తప్పే మనిషి. ఈ కన్ను ఆ కన్ను అనే మనిషి. పిచ్చుకకు ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టు అనిపించింది, ఎక్కడో తెలియలేదు. దేన్నో తీగలాగా లాగబోయింది గానీ, అంతలో ముందుగదిలో గొడవ వినిపించింది.

*

వదిన వచ్చింది. ఆవిడ బస్ స్టేషనులో విచారణ కౌంటరు దగ్గర కూర్చుంటుంది. ఏ బస్సు ఎప్పుడు, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, పొద్దస్తమానం చెప్పడమే ఉద్యోగం. పని దిగగానే నేరుగా కొట్టుకి వస్తుంది, మొగుడూ పెళ్లాలు కలిసి ఇంటికి పోతారు. ఆట ఉన్న రోజుల్లో టీ కాచి బల్ల మీద పెట్టి, మీ రాక్షసుడు చచ్చాడా, ఇంకా కొన ఊపిరితో ఉన్నాడా అని పలకరించి పోతుంది. చదువుకున్నవాళ్లు పాచికలు గిలకరించుకుంటూ కూర్చోవడం మీద ఆవిడ వేసే జోకులకి పిచ్చుక చాలాసార్లు ఉడుక్కుంది. ఒకసారి వదిన పటం వైపు వంగి ఏదో అడగబోతే, అదంతా నీకర్థం కాదులే వదినా అని పటం చుట్టేసింది కూడా. వదిన ఖాళీ గ్లాసులు ఏరుకుని వెళ్లిపోయింది.

కొట్టు గుమ్మం ఇరుకు. పెద్దావిడ ఇంతసేపూ ఇంకో నాలుగు ఫ్రేములు చూసుకుని, ఇప్పుడు చేతిసంచీతో బయటికి వస్తోంది, ఆవిడ వెనక ఇంకెవరో. అదే సమయానికి ఒక కుటుంబం మొత్తం లోపలికి తోసుకొస్తోంది. ఎవరూ వెనక్కి తగ్గడం లేదు, పెద్దావిడ సంచీ తలుపు గడియకి తగులుకుంది. వదిన మెట్టు మీద నిలబడి, గొంతు పెంచకుండా, రోజుకి వందసార్లు అనే మనిషి అన్నట్టు అనేసింది.

"దిగేవాళ్లు ముందు, ఎక్కేవాళ్లు తర్వాత."

జనం ఠక్కున ఆగారు. అది బస్సు కాదు, కళ్లద్దాల కొట్టు అన్న సంగతి ఎవరికీ తట్టలేదు. లోపలివాళ్లు బయటికి వచ్చారు, బయటివాళ్లు లోపలికి వెళ్లారు.

తెర వెనక పిచ్చుక కొయ్యబారిపోయింది. ఆ వాక్యం బల్ల మీది ప్రూఫుల్లోనే ఉంది. రెండో అధ్యాయం మొదట్లో, ఉప్పురేవు రాతిద్వారం మీద చెక్కిన శాసనం అది. పుస్తకం మొత్తంలో ఆమెకి అన్నిటికంటే ఇష్టమైన వాక్యం. ప్రచురణకర్త ఫోను చేసి మరీ మెచ్చుకున్న వాక్యం. ఇంత చిన్న మాటలో ఎంత రాజనీతి ఉందమ్మా అన్నాడు. అన్నయ్య ఒక రోజు పొద్దున పళ్లు తోముకుంటూ చెప్పిన వాక్యం.

వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, ఆయన వస్తారని చెప్పి, వదిన వెనకగదిలోకి వచ్చింది. భుజాన ఉన్న సంచీ కుర్చీకి తగిలించింది. ఆడబిడ్డ మొహమూ మొగుడి మొహమూ ఒకసారి చూసి, యుద్ధమేదో నడుస్తోందని గ్రహించి, ఫ్లాస్కు తీసుకుని మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్లింది. అన్నయ్య, బేరాలొచ్చాయి వెళ్లొస్తానని లేవబోయాడు. పిచ్చుక ఆయన చొక్కా అంచు పట్టుకుంది. పట్టుకుని, వదిన వీపు వైపు చూస్తూ, మామూలు గొంతుతోనే అడిగింది.

"వదినా, ఉప్పురేవు నుంచి మూగకొండకి ఎలా వెళ్లాలి?"

వదిన ఫ్లాస్కు కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

"నేరుగా లేదు. గొడుగుపాలెంలో దిగి మారాలి. వానలైతే ఆ దారి ఉండదు, సున్నపుగట్టు మీంచి చుట్టు తిరిగి పోవాలి. సామానెక్కువుందా?"

కుళాయి చప్పుడు ఆగింది. వదిన చేతులు కూడా ఆగాయి.

సున్నపుగట్టు అనే పేరు పుస్తకంలోనే లేదు. బల్ల చుట్టూ కూర్చున్న ఏ దొంగకీ ఏ మంత్రగత్తెకీ ఆ పేరు తెలియదు. పిచ్చుక అన్నయ్య చొక్కా వదిలేసింది. ఆయన పారిపోలేదు. కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు తీసి, తుడవడానికి ఏమీ లేకపోయినా తుడుస్తూ ఉండిపోయాడు. చూద్దాం అంటే ఇంట్లో అడిగి చెబుతానని అర్థమని పెళ్లయిన ప్రతి మగవాడికీ తెలుసు, వాళ్లని అప్పులడిగే స్నేహితులకీ తెలుసు. మూడేళ్లు ఆ మాటని రాసి రాసి అరిగిపోయిన పిచ్చుకకే ఇంతసేపూ తట్టలేదు.

అన్నయ్య తలొంచుకుని చెప్పుకొచ్చాడు. ఆట మొదలైన కొత్తలో, ఉప్పురేవు దాటాక ఏముందో తోచక, ఇంటికెళ్లి దిగులుగా కూర్చున్నాడట. ఏమైందని ఆవిడ అడిగిందట. చెప్పాడట. ఆవిడ కూరగాయలు తరుగుతూ, రేవన్నాక అవతలి ఒడ్డు ఉండదా, ఆ ఒడ్డున దిగినవాళ్లు ఎక్కడికి పోతారు అని మొదలుపెట్టి, గిన్నె నిండేలోపు మూడు ఊళ్లు చెప్పేసిందట. తర్వాతి వారం మళ్లీ అడిగాడట. ఆ తర్వాత అడగని వారం లేదు. చెల్లెలు అడిగినవి మాత్రం ఇల్లు చేరేలోపు నూటికి తొంభైతొమ్మిది మరిచిపోయేవాడట. బల్ల దగ్గర చెప్పడం తనది, గొంతులు మార్చడం, రాక్షసుల్లా అరవడం తనవి. లోకం మాత్రం ఆవిడది.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది పిచ్చుక. "మూడేళ్లు నీ చుట్టూ తిరిగానన్నయ్యా. అడగాల్సిన మనిషి నా పక్కనుంచి టీ గ్లాసులు పట్టుకుని తిరుగుతుంటే, నేను నీ చుట్టూ తిరిగాను."

అన్నయ్య, చెప్పాలనే అనుకున్నానే అన్నాడు. ఎప్పుడు అని అడిగింది. ఆయన నోరు తెరిచాడు. ఆ నోట్లో ఏ మాట సిద్ధంగా ఉందో ముగ్గురికీ తెలుసు. మళ్లీ మూసుకున్నాడు.

పిచ్చుక కోపం వదిన మీదికి మళ్లింది. నువ్వైనా చెప్పొచ్చు కదా వదినా అంది. వదిన ఫ్లాస్కు బోర్లించి, చేతులు కొంగుకి తుడుచుకుని, వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ బల్ల దగ్గర కూర్చోవడం పిచ్చుక ఎన్నడూ చూడలేదు.

"నన్నెవరడిగారు? విచారణలో కూర్చునేదాన్ని నేను. అడిగితేనే చెబుతాను. దారిన పోయేవాళ్లని పిలిచి మీ ఊరిటు అని చెప్పే ఉద్యోగం కాదు నాది."

ప్రూఫుల కట్ట ముందుకి లాక్కుంది. అట్ట చూసింది. అట్టమీద రెండు పేర్లున్నాయి, ఒకటి మొగుడిది, ఒకటి ఆడబిడ్డది. తిప్పి, మొదటి పేజీల్లో కృతజ్ఞతల దగ్గర ఆగింది. వరసగా అందరికీ థాంక్సు చెప్పిన పేజీ అది. చివరి వాక్యం మీద వేలు పెట్టి, నెమ్మదిగా, కౌంటరులో టికెట్టు మీది అక్షరాలు చదివినట్టు చదివింది.

"వేళకి టీ అందించిన వదినకు."

వదిన నవ్వలేదు, దెప్పలేదు, ఊరికే చదివింది. పిచ్చుకకి ఆ కుర్చీలో కూర్చోలేక లేవాలనిపించింది, లేచి ఎక్కడికి పోవాలో తెలియలేదు. తప్పు దిద్దుకోవడానికి సాయంత్రం లోపు సమయముంది. పేరు చేర్చొచ్చు, వాక్యం తీసేయొచ్చు. అవన్నీ చేయిస్తానని గబగబా చెప్పింది. రాజధాని పేరు చెప్పు, నది చెప్పు, ఇప్పుడే కామాగారికి ఫోను చేస్తానంది. వదిన చెప్పింది. రాజధాని పేరు తూనికవాడ. నది సున్నపుగట్టు కింద పుట్టింది. రాజుని చంపింది వాడి పడవ నడిపేవాడు, కారణం అడిగితే అదీ చెప్పింది. ఒక్కదానికీ పైకప్పు వైపు చూడలేదు. పిచ్చుక ఎర్ర పెన్నుతో ఒక్కొక్క చూద్దాంని కొట్టేసుకుంటూ పోయింది. మూడేళ్ల కసి తీరుతున్నట్టు కొట్టేసింది. చేయి నొప్పి పుట్టినా ఆపలేదు.

చివరికి ఒక్కటి మిగిలింది. ఏడో గడప.

సీమకి ఏడు గడపలు. ఆరింటిని ఆటగాళ్లు ఎలాగో తెరిచారు. ఏడోదాన్ని మాత్రం ఏళ్లుగా ఎవరూ తెరవలేదు. తోశారు, దుంగలతో గుద్దారు, నిప్పు పెట్టారు, మంత్రాలు చదివారు. లెక్కల మాస్టారి యోధుడు దాని ముందే భుజం విరగ్గొట్టుకుని చచ్చిపోయాడు, మాస్టారు నెల్లాళ్లు మాట్లాడలేదు. ఆ తలుపు వెనక ఏముందో తెలుసుకోవడానికే జనం ఈ పుస్తకం కొంటారని ప్రచురణకర్త లెక్క. ఆఖరి అధ్యాయం మొత్తం ఆ తలుపు గురించే, చివరి వాక్యం మాత్రం ఇప్పటికీ 'చూద్దాం'.

"ఇది కూడా తెలుసా నీకు?"

"మొదటి వారం నుంచీ తెలుసు."

అన్నయ్య తలెత్తాడు. నాకు చెప్పలేదే అన్నాడు. మీరడగలేదుగా, తలుపెంత పెద్దది, గడియ ఎలా ఉంటుంది అనే అడిగారు, అంది వదిన. అని, పిచ్చుక వైపు తిరిగింది.

"మన ఇంటి తలుపు బయటున్నవాళ్లు ఏం చేస్తే తెరుచుకుంటుంది?"

"తోస్తే."

"లోపలున్నవాళ్లు?"

"లాగితే," అంది పిచ్చుక. అని ఆగిపోయింది. ఎర్ర పెన్ను కాగితం మీదే ఉండిపోయింది.

"ఇన్నేళ్లూ తోస్తూనే ఉన్నారు. ఒక్కరైనా లాగి చూశారా?" అంది వదిన. "అది లోపలికి పోయే తలుపని ఎవరు చెప్పారు మీకు? మీరు లోపలే ఉన్నారు. సీమంతా లోపలే ఉంది. అది బయటికి పోయే తలుపు."

ముందుగదిలో ఎవరో పిల్లాడు అద్దాల పెట్టె మీద టకటకా కొడుతున్నాడు. ఎవరూ లేచి వెళ్లలేదు. పిచ్చుక బుర్రలో అధ్యాయాలు ఒకదాని వెనక ఒకటి తలకిందులయ్యాయి. సీమకి ఆకాశం అని తను రాసినది ఆకాశం కాదు, పైకప్పు. మంచుకొండల అవతల ఏమీ లేదని రాసింది, ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. ఉప్పురేవు శాసనం రెండో అధ్యాయంలో అలంకారానికి పెట్టుకుంది, అది ఆఖరి తలుపుకి తాళంచెవి. దిగేవాళ్లు ముందు. అలా అయితే, ఆ తలుపు తెరుచుకోవడం కోసం బయట ఎవరో నిలబడి ఉన్నారన్నమాట.

"బయట ఎవరున్నారు వదినా?"

"ఎక్కాల్సినవాళ్లు," అంది వదిన. "ఎవరో, ఎందుకు కాచుకున్నారో చెబుతాను. కానీ అది తెలిశాక, నువ్వు రాసింది మొదటి పేజీ నుంచి మార్చుకోవాలి. ఇవాళ సాయంత్రానికి అయ్యే పని కాదు. ఇలాగే పంపించేస్తానంటావా, పంపించు. పేరు వేసినా వెయ్యకపోయినా నేనేమీ అనుకోను. కానీ తప్పు బస్సు ఎక్కుతున్నవాళ్లని చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు, అందుకని చెప్పాను."

పిచ్చుక అట్టమీద తన పేరు వైపు చూసింది. మంచి అక్షరాలు పెట్టాడు కామాగారు, నిండుగా, గుండ్రంగా ఉన్నాయి. ఆ పేరు రేపు అచ్చులో పడాలంటే ఈ కాగితాలు ఇలాగే వెళ్లాలి. వెళితే, జనం డబ్బిచ్చి కొనుక్కుని, ఏ బల్ల దగ్గరో కూర్చుని, ఎన్నటికీ తెరుచుకోని తలుపుని తోస్తూ ఉంటారు. ఆగితే, బడిపుస్తకాలు వస్తాయి, ప్రచురణకర్త పోతాడు, ఆఫీసులో అందరూ పుస్తకం ఏమైందని అడుగుతారు. వదిన ఏ సలహా ఇవ్వలేదు. ఇద్దరూ ఆమె వైపే చూస్తూ కూర్చున్నారు.

బల్ల మీద ఫోను మోగింది. కామాగారు. ప్రెస్సు మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాడనీ, కాగితాలు ఇచ్చేయమంటారా అనీ అడిగాడు. మీరు మార్చొద్దన్నారు కాబట్టి నేనేదీ ముట్టుకోలేదమ్మా, కానీ ఆఖరి పేజీలో తలుపు వెనక ఏముందో అక్కడ కూడా ఆ మాటే ఉంది, ఉంచమంటారా, తీసేయమంటారా అన్నాడు.

పిచ్చుక వదిన మొహంలోకి చూసింది. ప్రూఫుల కట్టని మళ్లీ మొదటి పేజీకి తిప్పింది. మూడేళ్లుగా ఏ మాట వింటే ఒళ్లు మండేదో, ఆ మాట ఆమె నోట్లోకే వచ్చి కూర్చుంది. మింగబోయింది. మింగుడు పడలేదు.

"చూద్దాం," అంది ఫోనులో.